ఆపేయాల్సిన మందుల పేర్లు ఎవరు రాస్తారు?

సంపాదకులకు నమస్కారం.

ఆసుపత్రుల గురించి పత్రికల్లో వచ్చే ఫిర్యాదులు చాలావరకు పడకలు దొరకకపోవడం గురించో, బిల్లుల గురించో ఉంటాయి. నేను రాస్తున్నది రోగి గేటు దాటి ఇంటికి చేరాక జరిగేదాని గురించి. హైదరాబాద్ నాచారంలో మాకు మందుల దుకాణం ఉంది. సర్కారు దవాఖానా, కార్పొరేటు ఆసుపత్రి అన్న తేడా లేకుండా డిశ్చార్జి అయినవాళ్ల కాగితాలు చీకటి పడేసరికి మా బల్ల మీదికి వస్తాయి. రక్తపరీక్షల అంకెలు, స్కానింగు వివరాలు, ఏ రోజు ఏ ఇంజెక్షన్ ఇచ్చారన్న చిట్టా అన్నీ వాటిలో ఉంటాయి. ఒక్కటే అరుదుగా కనిపిస్తుంది: ఆసుపత్రిలో చేరకముందు రోగి వాడుతున్న మందుల్లో ఏవి మానాలి, ఏవి కొనసాగించాలి?

బీపీకి ఏళ్ల తరబడి టెల్మిసార్టాన్ వేసుకుంటున్న పెద్దాయన ఛాతీ నొప్పితో చేరి, నయమై ఇంటికి వస్తాడు. కొత్త చీటీలో అదే టెల్మిసార్టాన్ ఇంకో కంపెనీ పేరుతో ఉంటుంది. పాత డబ్బా ఇంట్లో అలాగే ఉంది. ఆయన లెక్కలో అవి రెండు వేర్వేరు మందులు. ఒకటి బస్తీ డాక్టరు ఇచ్చింది, రెండోది పెద్ద డాక్టరు ఇచ్చింది, ఎవరి మాటా తీసేయలేడు. రెండూ వేసుకుంటాడు, తెల్లవారుజామున బాత్రూముకు లేచి కళ్లు తిరిగి పడతాడు. షుగరు మాత్ర గ్లిమెపిరైడ్ ఇలా రెట్టింపయితే మరీ ప్రమాదం. వయసు మళ్లినవారికి రాత్రిపూట చక్కెర పడిపోతే, హాయిగా నిద్రపోతున్నారనుకుని ఇంట్లోవాళ్లు లేపను కూడా లేపరు.

దీనికి తలకిందుల కథ కూడా ఉంది. గుండెకు స్టెంటు వేయించుకున్నవారికి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ నెల రోజులకు రాసిస్తారు, మళ్లీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు పొడిగిద్దామని. అది రాసినవారి మనసులో ఉంటుంది తప్ప కాగితం మీద ఉండదు. మందు అయిపోయింది కాబట్టి జబ్బూ అయిపోయిందనుకునేవారిని మేం చూస్తూనే ఉంటాం. ఆ మాత్రలు చెప్పకుండా మానేస్తే స్టెంటులో రక్తం గడ్డకట్టవచ్చని వైద్యులందరికీ తెలుసు. తెలియాల్సింది రోగి భార్యకు. ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ మాత్రలను ఎక్కువ రోజులు వాడితే కొద్దికొద్దిగా తగ్గిస్తూ ఆపాలి. ఆ తగ్గింపు లెక్కంతా ఇంగ్లీషులో, ఒకే వరుసలో, గొలుసుకట్టు రాతలో ఉంటుంది. మందుల జెనరిక్ పేర్లను స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని 2016లో వైద్యుల ప్రవర్తనా నియమావళిని సవరించారు. ఆ సవరణ మా వీధిదాకా ఇంకా రాలేదు.

తప్పంతా డాక్టర్లదో నర్సులదో అనడం లేదు. డిశ్చార్జి రోజు ఎలా గడుస్తుందో చూడండి. ఉదయం రౌండ్లలో డాక్టరు ‘ఇంటికి వెళ్లవచ్చు’ అంటారు. అక్కడి నుంచి ఫైలు బిల్లింగు చుట్టూ, ఫార్మసీ చుట్టూ, బీమా కంపెనీ చుట్టూ తిరుగుతుంది. కాగితం చేతికొచ్చే వేళకు ఆ డాక్టరు వెళ్లిపోయి ఉంటారు. డ్యూటీ నర్సుకేమో ఆ పడక కోసం కింద మరో రోగి ఎదురుచూస్తున్నాడన్న తొందర. ఆ రెండు నిమిషాల్లో చెప్పేదైనా ఎవరికి చెబుతున్నారు? బిల్లు కట్టి వచ్చిన కొడుకుకు. అతను మర్నాడు ఉద్యోగానికి వెళ్లిపోతాడు. పూటపూటకూ మాత్రలు అందించాల్సిన కోడలు ఆ సమయంలో సామాన్లు సర్దుతూ ఉంటుంది.

నగదురహిత బీమా ఉన్న రోగి డిశ్చార్జికి మూడు గంటల్లో అనుమతి ఇవ్వాలని, ఆలస్యమైతే పెరిగే ఆసుపత్రి ఖర్చు బీమా కంపెనీయే భరించాలని బీమా కంపెనీలను నియంత్రించే సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో ఆదేశించింది. మంచిదే. బిల్లుకు గడువు పెట్టగలిగినవాళ్లం, మందుల గురించి చెప్పడానికి పావుగంట కేటాయించలేమా? మందుల వల్ల జరిగే హానిని తగ్గించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మొదలుపెట్టిన కార్యక్రమం ఎంచుకున్న మూడు ప్రధానాంశాల్లో, రోగి ఒక వైద్యం చోటు నుంచి మరో చోటికి మారే ఘట్టం ఒకటి. మన దగ్గర ఆ ఘట్టానికి బాధ్యుడంటూ ఎవరూ లేరు.

నేను అడుగుతున్నది ఒక్క పేజీ. తెలుగులో, లేదా రోగి కోరితే ఉర్దూలో. కొత్తగా మొదలుపెట్టినవి, మోతాదు మార్చినవి, పూర్తిగా మానాల్సినవి అని మూడు గళ్లు ఉంటే చాలు. ఆ పేజీని మందులు అందించే మనిషికే వివరించి, వాళ్ల నోటితో తిరిగి చెప్పించుకోవాలి. ‘అర్థమైందా?’ అని అడిగితే మనవాళ్లు ఎవరైనా తలూపుతారు.

మనుషులు ఎక్కడున్నారంటారా? 2008లో మన దేశంలో ఫార్మ్ డి అనే, ఫార్మసీలో డాక్టరు పట్టా ఇచ్చే కోర్సు వచ్చింది. ఆరేళ్ల చదువులో చివరి ఏడాదంతా ఆసుపత్రిలో శిక్షణే. హైదరాబాద్ చుట్టుపక్కల ఆ కోర్సున్న కాలేజీలకు కొదవ లేదు. ఆ పిల్లలను కేసు షీట్లు కాపీ చేసుకునే పనికి పరిమితం చేయకుండా డిశ్చార్జి బల్ల దగ్గర కూర్చోబెట్టవచ్చు. మందుల వాడకం గురించి రోగికి చెప్పడం ఫార్మసిస్టు విధి అని 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలూ అంటున్నాయి. ఆ పేజీ నకలు రోగి ఇంటి దగ్గర సర్కారు నడిపే చిన్న వైద్యశాలకు, అంటే బస్తీ దవాఖానాకు వెళితే మరీ మేలు. 2018 నుంచి నగరంలో అవి పనిచేస్తున్నాయి, కానీ తమ బస్తీలో నిన్న ఎవరు డిశ్చార్జి అయ్యారో వాటికి తెలిసే దారి లేదు.

ఆరోగ్యశ్రీ కింద వైద్యం పొందినవారికి ఇంకో మాట చెప్పాలి. డిశ్చార్జి తర్వాత పది రోజుల మందులు ప్యాకేజీలోనే ఉంటాయి. కొన్ని చికిత్సలకు ఏడాది పాటు తదుపరి వైద్యమూ ఉంది. ఇది తెలియక మా దుకాణంలో డబ్బు పెట్టి కొనేవారు ఎందరో. మాకు గిరాకీయే అనుకోండి, అయినా ఆ మాట ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ రోగులకు సాయపడే ఉద్యోగి ఆరోగ్యమిత్ర దగ్గరే రోగి చెవిన పడాలి.

వైద్య ఆరోగ్య శాఖ ముందుగా గుండె, షుగరు వార్డుల్లోనైనా ఈ పేజీని తప్పనిసరి చేయాలని కోరుతున్నాను. ఈలోగా పాఠకులు చేసుకోగలిగిన పని ఒకటి ఉంది. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఇంట్లోని మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. డిశ్చార్జి రోజు ఆ సంచి డాక్టరు ముందు పెట్టి, మానాల్సిన వాటి మీద అడ్డగీత గీయించుకోండి. ఆయన విసుక్కున్నా సరే.

— ఒక ఫార్మసిస్టు, నాచారం, హైదరాబాద్