మా క్రియాటినిన్‌కు మీ లెక్కలో కాలమ్ ఉందా?

గౌరవనీయులైన రాష్ట్ర ప్రణాళిక శాఖ మంత్రి గారికి,

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతంలోని శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం నుంచి ఒక రిటైర్డ్ టీచర్ నమస్కరించి రాస్తున్నాను. క్రియాటినిన్ అంటే కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష అంకె.

2011 ఫిబ్రవరిలో జనాభా లెక్కల కోసం ఇల్లిల్లూ తిరిగిన టీచర్లలో నేనొకణ్ణి. కొబ్బరి తోటల మధ్య విసిరేసినట్టుండే ఇళ్లు, చంకలో ఫారాల సంచి, వెనకాల కుక్కలు. ఒక ఇంట్లో నులక మంచం మీద నలభై ఏళ్ల మనిషి పడుకుని ఉన్నాడు. ముఖం, కాళ్లు పొంగిపోయి ఉన్నాయి. పేరు, వయసు, చదువు అడిగి రాసుకున్నాను. పని దగ్గరకొచ్చేసరికి 'ఏమీ చేయడం లేదు, ఇంట్లోవాళ్ల మీద ఆధారపడ్డాడు' అన్న అర్థం వచ్చే అంకె వేశాను. ఎందుకు చేయడం లేదో రాయడానికి ఫారంలో కాలమ్ లేదు. పక్కింటికి వెళ్లిపోయాను. అడిగినదే రాయాలి, అడగనిది కళ్ల ముందున్నా రాయకూడదు. అదే మా డ్యూటీ.

ఇన్నేళ్ల తర్వాత ఆ మంచం గుర్తుకు రావడానికి కారణం మీ శాఖ చూసే సుస్థిర అభివృద్ధి లక్ష్యాలే. 2015 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితిలో 193 దేశాలు 17 లక్ష్యాలకు ఒప్పుకున్నాయి. గడువు 2030. ఎవరినీ వెనక వదిలేయబోమన్నది అందులో ముఖ్యమైన మాట. మన దేశంలో ఎవరు ఎంతవరకు వచ్చారో నీతి ఆయోగ్ మార్కులు వేస్తుంది. 2018లో నూటికి దేశానికి 57, మన రాష్ట్రానికి 64 వచ్చాయి. 2023-24 సూచీలో దేశానికి 71, మనకు 74. మార్కులు పెరిగాయంటే టీచర్‌గా పనిచేసినవాడికి సంతోషమే. కానీ ప్రశ్నపత్రం చూడకుండా మార్కులు నమ్మే అలవాటు నాకు లేదు.

చూశాను. మూడో లక్ష్యం ఆరోగ్యం. అందులో బాలింతల మరణాలు, పసిపిల్లల మరణాలు, టీకాలు, టీబీ, హెచ్‌ఐవీ, ఆత్మహత్యలు, రోడ్డు ప్రమాదాలు ఉన్నాయి. అన్నీ ఉండాల్సినవే. దీర్ఘకాలిక జబ్బుల సంగతికొస్తే, ఐక్యరాజ్యసమితి కొలమానం గుండెజబ్బు, క్యాన్సర్, మధుమేహం, ఊపిరితిత్తుల జబ్బు అనే నాలుగింటి మరణాలనే లెక్కిస్తుంది. కిడ్నీ లేదు.

ఉద్దానంలో కిడ్నీ లేని లెక్క ఏం లెక్కండీ? కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఏ ఊరికైనా రండి. బడి ముఖం చూడని ముసలమ్మ కూడా 'క్రియాటినిన్ ఎంతొచ్చింది బాబూ' అని అడుగుతుంది. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు కూడా ఆ ఇంట్లో ఎవరికైనా ఉందా అని ఆరా తీస్తారు. బీపీ, షుగరు లేనివాళ్లకీ ఎందుకొస్తోందో ఇప్పటికీ తేలలేదు. నీరన్నారు, ఎండన్నారు, పురుగుమందులన్నారు, నొప్పి మాత్రలన్నారు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని నేను అనను. హిరమండలం రిజర్వాయరు నుంచి 700 కోట్ల రూపాయలతో వంశధార నీళ్లు తెచ్చే పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. డయాలసిస్ రోగికి నెలకు 10,000 రూపాయల పింఛను వస్తోంది. ఇంత ఖర్చు పెట్టాక జబ్బు తగ్గుతోందా, పెరుగుతోందా? కొత్తగా ఎంతమందికి వస్తోంది, ఏ వయసులో వస్తోంది, నది నీళ్లు తాగుతున్న ఊళ్లకూ బోరు నీళ్లు తాగుతున్న ఊళ్లకూ తేడా ఉందా? ఏటా ఒకే తీరున లెక్కగట్టి ఊరి ముందు పెడితే కదా తెలిసేది. పింఛన్లు ఎంతమందికి ఇచ్చారన్నది ఖర్చు లెక్క. అది జబ్బు లెక్క కాదు.

నీళ్ల సంగతి ఇంకా విడ్డూరం. ఆరో లక్ష్యం కింద 'మెరుగైన తాగునీటి వనరు' ఉన్న ఇళ్లెన్ని అని సర్వేలు అడుగుతాయి. కుళాయితో పాటు బోరు కూడా ఆ నిర్వచనంలోకి వస్తుంది. అంటే మేము అనుమానంగా చూస్తూ తాగే బోరు నీళ్లు మీ లెక్కలో మెరుగైనవే! కిందటేడు ఒకతను ఫోన్ పట్టుకుని సర్వేకొచ్చాడు. 'కుళాయి ఉందా మాస్టారూ' అన్నాడు. ఉందన్నాను. టిక్కు పెట్టాడు. వారంలో ఎన్ని రోజులొస్తాయో కూడా రాసుకో నాయనా అంటే, 'ఆ ఆప్షన్ లేదండీ' అన్నాడు. అతన్ని ఏమనగలను? 2011లో నేను చేసిందీ అదే.

ఇంకో చిక్కుంది, ఇది మీ శాఖ వాళ్లకు నాకంటే బాగా తెలుసు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. మా పాలకొండ, సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. రాజాం విజయనగరంలో కలిసింది. విజయనగరం నుంచి సాలూరు, కురుపాం మన్యంలోకి పోయాయి. ఆ విజయనగరాన్నే 2018లో దేశంలోని 112 ఆకాంక్షిత జిల్లాల్లో, అంటే వెనకబడినందున కేంద్రం ప్రత్యేక శ్రద్ధ పెట్టే జిల్లాల్లో, ఒకటిగా ఎంచారు. అప్పటి అంకెలు పాత జిల్లావి, ఇప్పటివి కొత్త జిల్లావి. గిరిజన గూడేలున్న మండలాలు గీత అవతలికి వెళ్లిపోయాక జిల్లా సగటు పెరిగితే దాన్ని ప్రగతి అందామా, సర్వే రాళ్లు జరిగాయందామా? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత మన రాష్ట్రంలో కోవిడ్ రాకముందే, పాత సరిహద్దులతో జరిగింది. జనాభా లెక్కలైతే ఇప్పటికీ నేను తిరిగిన 2011వే.

సముద్రం గురించి ఒక్క మాట. పద్నాలుగో లక్ష్యం జలచరాలు, సముద్ర వనరులు. సముద్రం అన్ని రాష్ట్రాలకూ లేదు గనుక రాష్ట్రాల మొత్తం మార్కుల్లో దాన్ని కలపరు. న్యాయమే. కానీ మా తీరంలో వేట సరిగా సాగక గుజరాత్‌లోని వెరావల్ బోట్ల మీదికి వలసపోయే కుర్రాళ్లు ఇక ఏ లక్ష్యం కిందికి వస్తారు? అలా వెళ్లినవాళ్లలో కొందరు 2018 చివర్లో పాకిస్థాన్‌కు చిక్కి, 2020 జనవరిలో గాని ఇల్లు చేరలేదు.

కొలమానం ఢిల్లీలో తయారైంది, మనమేం చేస్తాం అంటారేమో. రాష్ట్రాలు తమ సూచికలు తాము చేర్చుకోవచ్చు, జిల్లాలకూ తయారు చేసుకోవచ్చు. పంచాయతీల కోసం కేంద్రమే తొమ్మిది అంశాలతో సూచీ పెట్టి 2025లో ఫలితాలు ఇచ్చింది. దేశం మొత్తం మీద ఒక్క పంచాయతీకి కూడా పై గ్రేడు రాలేదు. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

కాబట్టి శ్రీకాకుళం జిల్లా సూచికల్లో కిడ్నీ జబ్బుకు ఒక కాలమ్ పెట్టించండి. కుళాయి పక్కన 'వారానికి ఎన్ని రోజులు' అని ఇంకొకటి. పాత లెక్కల్ని మండలాల వారీగా విడదీసి కొత్త జిల్లాలకు సరిపోయేలా మళ్లీ కట్టించండి. మీ గణాంక సిబ్బందికి అది చేతకాని పని కాదు. ఏ అంకె ఏ ఏడాదిదో దాని పక్కనే రాసి ఊరి సచివాలయం గోడ మీద పెట్టించండి, మా వాళ్లు చదువుకుంటారు.

2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా మళ్లీ జనాభా లెక్కలు వస్తున్నాయి. ఈసారి నా శిష్యులు తిరుగుతారు, చేతిలో ఫారాల సంచికి బదులు ఫోన్లు. ఆ ఫారం మీ చేతిలో లేదని తెలుసు. జిల్లా ఫారం మీ చేతిలోనే ఉంది.

ఇట్లు
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు
కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా