నలుగురిలో మెయిన్ ఎవరని అడిగావు కదా

ఒరేయ్ బావా,

అమ్మకి మోకాలి నొప్పి తగ్గిందా? ఆవిడ పంపిన ఉసిరికాయ పచ్చడి అప్పుడే సగం సీసా ఖాళీ అయిందని చెప్పు. నువ్వు పంపిన ఫోటోలు కూడా చూశాను. ఇల్లు చక్కగా కట్టావురా, ఆ మెట్ల పక్క కిటికీ నాకు భలే నచ్చింది.

సరే, అసలు సంగతికి వస్తా. మొన్న నేను పంపిన పాత రికార్డింగ్ విని ఫోన్ చేసి, "నలుగురూ ఒకేసారి వాయిస్తున్నారు, ఇందులో మెయిన్ ఎవర్రా, పక్కవాద్యం ఎవర్రా?" అని అడిగావు. బస్సులో ఉన్నాను, ఏదో ఒకటి చెప్పి పెట్టేశాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. చిన్నప్పుడు మాస్టారి దగ్గర పక్కపక్కనే కూర్చుని సరళీ వరసలు వాయించినవాళ్ళం. నీకు కాకపోతే ఇంకెవరికి చెప్తాను? అందుకే ఈ రాత్రి తీరిగ్గా కూర్చుని రాస్తున్నా.

నీకు పంపింది స్ట్రింగ్ క్వార్టెట్, అంటే తీగ వాద్యాలు వాయించే నలుగురి పాశ్చాత్య బృందం. అందులో పక్కవాద్యం అంటూ లేదు. రెండు వయొలిన్లు, ఒక వియోలా, ఒక చెల్లో. వియోలా వయొలిన్‌కి అన్న లాంటిది, కొంచెం పెద్దది, గొంతు కాస్త బొంగురు. చెల్లో మోకాళ్ళ మధ్య నిలబెట్టి వాయించేది. ఎక్కువసార్లు మొదటి వయొలినే పైన వినిపిస్తుంది, నిజమే. అయినా అది ఎత్తుకున్న మాటని చెల్లో లాక్కుంటుంది, వియోలా దానికి బదులు చెబుతుంది, రెండో వయొలిన్ అందరికీ అడుగున సన్నగా నడుస్తూనే ఉంటుంది. మృదంగం లేదు, తాళం వేసేవాళ్ళు లేరు. నలుగురూ ఒకరి ఊపిరి ఒకరు గమనించుకుంటూ లయ పట్టుకోవాలి.

"రాసి పెట్టిందే వాయిస్తారు కదా, ఇంక అప్పటికప్పుడు సొంతంగా అల్లుకునే మనోధర్మం ఎక్కడుంది?" అని నువ్వు అడుగుతావని తెలుసు. నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను. ఈ రికార్డింగులు విన్నాకే నాకు జవాబు దొరికింది. స్వరాలు రాసి ఉన్నాయి కానీ కమాను మీద ఎంత బరువు వెయ్యాలో, ఏ స్వరం దగ్గర వెంట్రుకవాసి ఆగాలో, ఎవరు తగ్గి ఎవరికి దారి ఇవ్వాలో కాగితం మీద పూర్తిగా ఉండదు. అది నలుగురూ కలిసి బతికితే వచ్చేది. నేను పంపింది ఫ్లోంజాలే క్వార్టెట్. వాళ్ళు అచ్చం అలాగే బతికారు.

ఆ కథ చెప్తా విను. న్యూయార్క్‌లో ఎడ్వర్డ్ డి కొప్పే అని ఒక పెద్ద షేర్ల వ్యాపారి ఉండేవాడు. పూర్వీకులది స్విట్జర్లాండ్. ఆయనకి సంగీతం అంటే ప్రాణం, ఇంట్లోనే కచేరీలు పెట్టించేవాడు. వాయించేవాళ్ళేమో ఊళ్ళో వేరే కొలువులు చేసుకుంటూ, తీరిక దొరికినప్పుడు వచ్చి పోయేవాళ్ళు. అలా అతుకులబొంతగా ఉంటే ఆయనకి తృప్తి లేకపోయింది. ఆల్ఫ్రెడ్ పోషాన్ అనే స్విస్ కుర్రాడిని పట్టుకుని, ఇంకే పనీ పెట్టుకోకుండా క్వార్టెట్ మాత్రమే వాయించే నలుగురిని కూడగట్టమన్నాడు. అది 1902-03 నాటి మాట. పోషాన్ రెండో వయొలిన్. మొదటి వయొలిన్‌కి ఇటలీ వాడైన అడాల్ఫో బెట్టీ, వియోలాకి వెనిస్‌లో పుట్టిన ఊగో ఆరా, చెల్లోకి బెల్జియం వాడు ఇవాన్ దార్షాంబో. బెట్టీ, పోషాన్ ఇద్దరూ బెల్జియంలోని లియేజ్‌లో సేజార్ థామ్సన్ శిష్యులు. ఒకే గురువు దగ్గర నేర్చుకున్నవాళ్ళ కమాను ఒకే దారిలో నడుస్తుందని మన మాస్టారు అనేవారు, గుర్తుందా?

డి కొప్పేకి స్విట్జర్లాండ్‌లో లేక్ జెనీవా దగ్గర ఒక వేసవి బంగళా ఉండేది. దాని పేరు ఫ్లోంజాలే. ఆ పేరే వీళ్ళకీ వచ్చింది. వేసవిలో అక్కడ చేరి సాధన, చలికాలం అమెరికాలో కచేరీలు. షరతు ఒక్కటే. సోలో కచేరీలు చెయ్యకూడదు, పాఠాలు చెప్పకూడదు, ఆర్కెస్ట్రాలో ఉద్యోగం చెయ్యకూడదు. పొద్దున లేస్తే నలుగురూ కలిసి వాయించడమే పని. జీతాల సంగతి ఆయన చూసుకునేవాడు. మొదట్లో ఎక్కువగా ఆయన ఇంట్లోనే వాయించేవాళ్ళు, తర్వాతే జనంలోకి వచ్చి ఊరూరా తిరిగారు.

బావా, నాకు ఈ షరతు దగ్గరే గుండె ఆగినంత పనైంది. చేతిలో అంత విద్య ఉన్న మనిషి, తన పేరు మీద ఒక్క కచేరీ కూడా చెయ్యనని ఒప్పుకోవడం ఎంత పెద్ద మాట! బెట్టీ సంగతి వదిలెయ్, ఎంతైనా మొదటి వయొలిన్. పోషాన్‌ని తలుచుకో. మనిషిని వెతికి గుంపు కట్టినవాడు తనే, కూర్చున్నది మాత్రం రెండో కుర్చీలో. పాతికేళ్ళు కదలకుండా అక్కడే కూర్చున్నాడు.

వాళ్ళు పాతవి మాత్రమే వాయిస్తూ కూర్చోలేదు. 1914లో షోన్‌బెర్గ్ అనే కొత్త తరం స్వరకర్త మొదటి క్వార్టెట్‌ని (ఆ నలుగురి కోసం రాసే రచననీ క్వార్టెట్ అనే అంటారు) న్యూయార్క్ జనానికి వినిపించారు. మరుసటి ఏడు స్ట్రావిన్‌స్కీ అనే ఇంకో స్వరకర్త రాసిన మూడు చిన్న ముక్కలు వాయించారు. 1920లో పోషాన్ అడిగితే ఆ స్ట్రావిన్‌స్కీయే వీళ్ళ కోసం కన్చెర్టీనో అనే రచన చేసి ఇచ్చాడు. డి కొప్పే 1916లో పోయాడు. తర్వాత ఆయన కొడుకు ఆంద్రే ఆ భారం ఎత్తుకున్నాడు. 1917లో ఆరా ఇటలీ సైన్యంలో చేరడానికి వెళ్ళిపోయాడు. వియోలా కుర్చీలోకి ఫ్రెంచివాడు లూయీ బాయీ వచ్చాడు, కొన్నేళ్ళకి అతనూ వెళ్ళిపోయాక అప్పటి రష్యా సామ్రాజ్యంలో పుట్టిన నికొలాస్ మోల్దవాన్ వచ్చాడు. మిగతా ముగ్గురూ చివరిదాకా వాళ్ళే.

ఇంక రికార్డింగుల సంగతి. నేను ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నది ఇందుకే.

1913 చివర్లో విక్టర్ అనే అమెరికా గ్రామఫోన్ ప్లేట్ల కంపెనీకి వాళ్ళు మొదటిసారి వాయించారు. క్వార్టెట్ సంగీతాన్ని ప్లేట్ల మీదకి ఎక్కించిన తొలి వరుసలోవాళ్ళు వీళ్ళు. అప్పటికి రికార్డింగ్‌కి మైకు వాడేవాళ్ళు కాదు. గది గోడలోంచి ఒక బూర బయటికి ఉంటుంది, దాని వెనక పల్చటి రేకు, ఆ రేకుకి సూది, సూది కింద తిరుగుతున్న మైనపు పలక. వాయించిన శబ్దం తన సొంత బలంతోనే ఆ సూదిని కదపాలి. కరెంటు సాయం ఏమీ లేదు. కచేరీలో వాళ్ళు కూర్చునే తీరు వేరు, ఇక్కడ వేరు. నలుగురూ బూర చుట్టూ ఒదిగి కూర్చోవాలి, ఒకరి మోచెయ్యి ఒకరికి తగిలేంత దగ్గరగా. మెత్తగా వాయిస్తే సూది కదలదు, గట్టిగా వాయిస్తే గీత చెడుతుంది. ఒక్క తప్పు పడిందా, ఆ మైనం పనికిరాదు. కొత్త పలక పెట్టి మళ్ళీ మొదటి నుంచి.

పైగా ఆ బూరకి అన్ని స్వరాలూ పట్టేవి కావు. సుమారు 200 హెర్ట్జ్ (అంటే సెకనుకి 200 కంపనాలు) కిందా, 2,500 పైనా ఉన్నది చాలావరకు జారిపోయేది. చెల్లోలో అన్నిటికంటే మందంగా పలికే తీగ 65 హెర్ట్జ్. అంటే దార్షాంబో వాయించిన ఆ మంద్రంలో అసలు శ్రుతి ప్లేటులోకి చేరనే లేదు. దాని పైన పుట్టే అనుస్వరాలు మాత్రం చేరాయి. మన చెవి వాటిని పట్టుకుని లేని మూలస్వరాన్ని తనే కట్టుకుంటుంది. ఇది తెలిసిన రోజు ఆ పాత ప్లేటు మళ్ళీ పెట్టుకుని కళ్ళు మూసుకుని విన్నాను. చెల్లో ఉందిరా. సగం అతను వాయించాడు, సగం నేను పూరించుకున్నాను.

ఇంకో ఇబ్బంది నిడివి. పెద్ద సైజు ప్లేటు ఒక వైపు నాలుగు నిమిషాలు, నాలుగున్నర నిమిషాలు, అంతే. క్వార్టెట్ మొత్తం అరగంట ఉంటుంది. అందుకని ఆ బూర రోజుల్లో పూర్తి రచన కాకుండా ఒక్కో భాగాన్ని విడిగా, అదీ కొన్నిసార్లు కోసి కుదించి ఎక్కించారు. మనకి ఇది కొత్త కాదు. మన పాత గ్రామఫోన్ ప్లేట్లలో కృతి మొత్తాన్ని మూడు నిమిషాల్లో ముగించాల్సి వచ్చేది, ఆలాపన చిటికెడే. కోసినందుకు నాకు బాధ లేదని అనను. ఒక చక్కటి భాగం మధ్యలో ఉన్నట్టుండి ముగింపులోకి దూకితే గుండెల్లో గుచ్చుకుంటుంది. కానీ కొయ్యకపోతే 1913లో వాళ్ళ చేతులు ఎలా నడిచాయో మనకి అసలు మిగిలేదే కాదు. అన్నట్టు, ఆ ప్లేట్లు చేసేది లక్కతో. ఆ రోజుల్లో ప్రపంచానికి లక్క ఎక్కువగా మన దేశం నుంచే వెళ్ళేది. మన అడవుల్లో చెట్ల కొమ్మల మీద పురుగులు కట్టిన లక్క ఓడెక్కి అమెరికా చేరి, బెట్టీ వయొలిన్‌ని మోసింది. ఆ మాట తలుచుకుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

1925లో రికార్డింగ్‌కి మైకు వచ్చింది. దానితో అంతా మారిపోయింది. నలుగురూ మళ్ళీ మామూలుగా కూర్చుని వాయించగలిగారు, చెల్లోకి అడుగు దక్కింది. అప్పుడు పూర్తి రచనలు మొదలుపెట్టారు. హెరాల్డ్ బావర్ పియానోతో బ్రామ్స్ అనే స్వరకర్త రాసిన క్వింటెట్ (అంటే ఐదుగురు వాయించే రచన), తర్వాత 1927లో ఒసిప్ గబ్రిలోవిచ్ పియానోతో షూమన్ క్వింటెట్. నీకు పంపింది ఈ రెండోదే. అందుకే అందులో పియానో కూడా వినిపించి నువ్వు తికమకపడ్డావు, ముందే చెప్పి ఉండాల్సింది. షూమన్ దీన్ని 1842లో కొద్ది వారాల్లో రాసి భార్య క్లారాకి అంకితమిచ్చాడు. గబ్రిలోవిచ్ భార్య పేరు కూడా క్లారాయే, రచయిత మార్క్ ట్వైన్ కూతురు.

ఇప్పుడు నువ్వు ఇంకోసారి విను. రెండు చోట్లు చెప్తా.

మొదటి భాగంలో పరుగు కాస్త నెమ్మదించాక చెల్లో ఒక పైకెక్కే పలుకు పలుకుతుంది. వెంటనే వియోలా దాన్నే తిప్పి కిందికి దించి బదులిస్తుంది. దార్షాంబో, మోల్దవాన్. ఒకరు పాతికేళ్ళ నుంచీ ఉన్నవాడు, ఒకరు నిన్న కాక మొన్న వచ్చినవాడు. ఇద్దరూ స్వరం నుంచి స్వరానికి ఎలా వెళ్తున్నారో గమనించు. గెంతడం లేదు, జారుతున్నారు. మన జారు గమకం లాంటిదే! ఆ కాలంలో యూరప్ వాద్యకారులందరూ అలాగే వాయించేవాళ్ళు, తర్వాతి తరానికి అది పాతకాలపు అలవాటుగా కనిపించి మానేశారు. ఈనాటి క్వార్టెట్లు శుభ్రంగా, మెట్టు మీంచి మెట్టుకి అడుగేసినట్టు వాయిస్తాయి. వాటికంటే ఈ పాతవాళ్ళే మన చెవికి దగ్గరగా ఉన్నారని నాకనిపిస్తుంది. నీకు ఏమనిపిస్తుందో చెప్పు, నీ మాట మీద నాకు నమ్మకం.

రెండోది రెండో భాగంలో. అది శవయాత్ర నడక. మొదటి వయొలిన్ ఆగి ఆగి, ఏడుపు మింగుతున్నట్టు వాయిస్తుంది. తర్వాత ఒక చోట అందరూ ఒక్కసారి కంగారుగా, వేగంగా విరుచుకుపడతారు. ఆ గోల కింద వియోలా ఒక్కటీ ఆ నడక పాటని పట్టుకుని వదలకుండా సాగుతుంది. మొదటిసారి నాకు వినిపించలేదు. నాలుగోసారి వినిపించింది. పియానో అంత ఉధృతంగా మోగుతున్నా మిగతావాళ్ళు కొంచెం తగ్గి మోల్దవాన్‌కి దారి ఇచ్చారు. మెయిన్ ఎవరని అడిగావు కదా, ఆ అరనిమిషం అతనే.

లెక్క వేస్తే ఈ క్వింటెట్ మొత్తానికి ఏడెనిమిది వైపులు పడతాయి. ప్రతి నాలుగు నిమిషాలకీ వాయిద్యం ఆపి, పలక మార్చి, మళ్ళీ అదే వేడితో అందుకోవాలి. నువ్వు వింటున్న ఫైల్లో ఆ అతుకులు తెలియవు, ఎవరో ఓపిగ్గా కలిపారు. కానీ శ్రద్ధగా వింటే గరగర శబ్దం ఒక్కో చోట మారుతుంది, అక్కడ ప్లేటు తిరగేశారన్నమాట.

1929లో వాళ్ళు క్వార్టెట్ చాలించారు. పోషాన్, దార్షాంబో ఇద్దరూ కొన్నాళ్ళకి స్ట్రాడివేరియస్ క్వార్టెట్‌లో మళ్ళీ ఒక చోట చేరారు. ఈసారి పోషాన్ వియోలా పట్టుకున్నాడు. అది చదివి నాకు భలే సంతోషమేసింది. మళ్ళీ నలుగురి మధ్యలో కుర్చీయే వెతుక్కున్నాడు.

చాలా రాశాను. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విను, ఫోన్ స్పీకర్‌లో వద్దు, వియోలా అసలు వినపడదు. సంక్రాంతికి వచ్చేటప్పుడు అటక మీంచి నీ వయొలిన్ దించి తీసుకురా. కమానుకి వెంట్రుకలు రాలిపోయి ఉంటే ఇక్కడ కట్టిద్దాం, తీగలు నా దగ్గర ఉన్నాయి. పోషాన్ కుర్చీ నేను తీసుకుంటా, పైది నువ్వు వాయించు.

ఇట్లు
నీ బావ