కొన్న ప్రాజెక్టులకు బదులు ఓపెన్ సోర్స్ పని

సంపాదకులకు నమస్కారం.

అనంతపురంలో నాది డీటీపీ, జిరాక్స్, బైండింగ్ దుకాణం. బీటెక్ ఆఖరి ఏడాది పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు ఏటా వేసవి ముందు మా దగ్గర ప్రింటవుతుంటాయి. లైబ్రరీ మేనేజ్‌మెంట్, ఆన్‌లైన్ ఓటింగ్, ముఖం చూసి హాజరు వేసే సాఫ్ట్‌వేర్... ఏళ్ల తరబడి ఇవే పేర్లు. కవర్ పేజీ మీద బ్యాచ్ పేర్లు, హాల్ టికెట్ నంబర్లు మారతాయి. లోపలి స్క్రీన్‌షాట్లలో తేదీలు కూడా మారవు. చాలామటుకు ప్రాజెక్టు సెంటర్లకు వేలకు వేలు కట్టి కొనుక్కున్నవే. ఆ డబ్బు ఎక్కడో ఒక తండ్రి వేరుశనగ అమ్మి పంపినది. పిల్లల్ని తిట్టి లాభం లేదు. ఒక్కో గైడ్ చేతిలో బోలెడు బ్యాచ్‌లుంటే కోడ్ తెరిచి చదివే తీరిక ఎవరికుంటుంది?

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు విద్యార్థి నిజంగా చేసిపెట్టిన పనిని ఆఖరి ఏడాది ప్రాజెక్టుగా ఒప్పుకోవాలని జేఎన్‌టీయూ అనంతపురం అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఇక్కడ నిర్ణయం జరిగితే కర్నూలు, కడప జిల్లాల్లోని అనుబంధ కాలేజీలకూ వర్తిస్తుంది. అటానమస్ కాలేజీలు అంతవరకు ఆగాల్సిన పనీ లేదు.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఓపెన్ సోర్స్ అంటే లోపలి కోడ్‌ను ఎవరైనా చదివి, మార్చుకుని, పంచుకోగలిగేలా తెరిచి ఉంచిన సాఫ్ట్‌వేర్. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అలాంటి సాఫ్ట్‌వేర్ కోసం గ్నూ ప్రాజెక్టును ప్రకటించారు. ప్రోగ్రామును వాడుకోవడం, లోపలి కోడ్ చదవడం, మార్చుకోవడం, మార్చినదాన్ని పంచుకోవడం వాడేవాళ్ల హక్కు అన్నది ఆయన వాదన. 1991లో లినస్ టోర్వాల్డ్స్ కంప్యూటర్‌ను నడిపించే లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టాడు. అప్పుడతను హెల్సింకి యూనివర్సిటీలో విద్యార్థి. ఇవాళ మన చేతుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్లు నడిచేది ఆ లినక్స్ మీదే.

ఇందులో పని జరిగే తీరు మన ప్రాజెక్టు రోగానికి సరిగ్గా సరిపోతుంది. వాడేవాళ్లెవరో సాఫ్ట్‌వేర్‌లో కనిపించిన ఒక లోపం గురించి రాసిపెడతారు. దాన్ని తీసుకున్న కుర్రాడు ముందు తన సిస్టమ్‌లో ఆ లోపాన్ని మళ్లీ రప్పించాలి. ఎక్కడ తప్పుతోందో కోడ్‌లో వెతకాలి, సరిచేసి పంపాలి. అంతటితో అయిపోదు. ఏ జర్మనీలోనో బ్రెజిల్‌లోనో ఉన్న ముక్కూమొహం తెలియని మనిషి, "ఈ వరుస ఎందుకు తీసేశావు? దీనికి టెస్టు ఏది?" అని అడుగుతాడు. జవాబు చెప్పాలి, మార్చాలి, మళ్లీ పంపాలి. రెండు వరుసల మార్పుకు వారాలు పట్టినా ఆశ్చర్యం లేదు. ఒప్పుకున్నాక ఎవరు, ఎప్పుడు, ఏ వరుస మార్చారో కోడ్ మార్పులన్నీ నమోదు చేసే గిట్ అనే సాఫ్ట్‌వేర్ చరిత్రలో ఉండిపోతుంది. ఈ సంభాషణంతా బహిరంగమే కాబట్టి, వైవాకు వచ్చిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ తన ఫోన్‌లోనే చదువుకుని ప్రశ్నలు వేయొచ్చు. కొనుక్కున్న రిపోర్టు ఈ పరీక్షకు నిలబడదు.

మన భాషకూ ఇది అవసరం. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు సంయుక్తాక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి, చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆపిల్ సరిచేసిన వెర్షన్ ఇచ్చేదాకా బయటివాళ్లు చేయగలిగింది ఏమీ లేదు. ఇంటర్నెట్ చూసే ఫైర్‌ఫాక్స్, ఉత్తరాలు, లెక్కలు రాసుకునే లిబ్రేఆఫీస్‌లలో అక్షరాలను పేర్చే హార్ఫ్‌బజ్ కోడ్ మాత్రం అందరికీ తెరిచే ఉంటుంది. ఒత్తు ఎక్కడ జారిందో, గుడి ఎక్కడ తప్పిందో తెలుగు చదివేవాళ్లు కాక ఇంకెవరు పట్టుకుంటారు?

కోడ్ రానివాళ్లకూ ఇందులో పని ఉంది. లోపాన్ని పద్ధతిగా రాయడమే పెద్ద పని. "పనిచేయట్లేదు" అంటే కుదరదు. ఏ వెర్షన్, ఏం నొక్కితే ఏమైంది, ఏం కావాల్సింది అన్నీ చెప్పాలి. లిబ్రేఆఫీస్ మెనూలను తెలుగులోకి మార్చవచ్చు. అందరూ కలిసి గీసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే పటంలో ఊరి చెరువుకు, వంకకు ఊళ్లోవాళ్లు పిలిచే పేరు పెట్టవచ్చు. యంత్రాలకు మాట నేర్పడానికి గొంతులు సేకరించే మొజిల్లా వారి కామన్ వాయిస్‌కు గొంతు ఇవ్వవచ్చు. కంబదూరు, కుందుర్పి వాళ్ల మాట అందులో చేరకపోతే రేపు యంత్రాలకు మన యాస ఎక్కేదెట్లా? ఇవి ఆఖరి ఏడాది ప్రాజెక్టుకు చాలవనుకుంటే, కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు కింద లెక్కించమనండి.

ఒక్క హెచ్చరిక. దీన్ని తప్పనిసరి చేయొద్దు, ఇన్ని పంపితే ఇన్ని మార్కులని లెక్క అసలే పెట్టొద్దు. 2020 అక్టోబర్‌లో ఓపెన్ సోర్స్‌కు మార్పులు పంపినవాళ్లకు టీషర్ట్ ఇచ్చే హాక్టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమంలో ఆ టీషర్ట్ కోసం కుప్పలు తెప్పలుగా పనికిరాని మార్పులు వచ్చిపడ్డాయి. ఒక పదం అటూ ఇటూ మార్చి పంపినవే ఎన్నో. జీతం లేకుండా సాఫ్ట్‌వేర్‌ను చూసుకునేవాళ్లు ఆ చెత్త ఊడ్చుకోలేక మొత్తుకుంటే, నిర్వాహకులు మధ్యలోనే నిబంధనలు మార్చాల్సి వచ్చింది. 2021లో మిన్నెసోటా యూనివర్సిటీ పరిశోధకులు లినక్స్‌కు కావాలనే లోపాలున్న మార్పులు పంపారని తేలాక, కొంతకాలం ఆ యూనివర్సిటీ నుంచి వచ్చేవేవీ తీసుకోబోమని లినక్స్ పెద్దలు తేల్చిచెప్పారు. మార్కుల ఆశతో మన పిల్లలూ అదే పని చేస్తే చెడేది మన కాలేజీల పేరే.

దీనివల్ల ఉద్యోగం వస్తుందా అని తల్లిదండ్రులు అడుగుతారు. వస్తుందని హామీ ఎవరూ ఇవ్వలేరు. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ 2005 నుంచి కొత్తవాళ్లకు స్టైపెండ్ ఇచ్చి ఇలాంటి పని చేయిస్తోంది గానీ అందులో పోటీ ఎక్కువ. నేను చూసినంతలో పిల్లల అసలు టెన్షన్ ఇంగ్లీషులో మెయిల్ రాయడం దగ్గరే. రాసేముందు ఒకసారి చదివి పెట్టే లెక్చరరో సీనియరో ఉంటే అది తీరుతుంది. ఓపెన్ సోర్స్ కోసం పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగులో ఆపరేటింగ్ సిస్టమే తయారుచేసింది, అలాంటి అనుభవం ఉన్నవాళ్లను పిలిచి మన లెక్చరర్లకు ముందు శిక్షణ ఇప్పించవచ్చు.

రూల్సు తిరగరాయాల్సిన పని లేదు. వచ్చే విద్యా సంవత్సరం ప్రాజెక్టు సర్క్యులర్‌లో ఈ పాటి చేర్చితే చాలు: "విద్యార్థి కోరుకుంటే, వాడుకలో ఉన్న ఏదైనా ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు తాను చేసిన పనిని ప్రాజెక్టుగా సమర్పించవచ్చు. వైవాలో ఆ మార్పును, దానిపై జరిగిన చర్చను వరుసవారీగా వివరించాలి."

— ఒక డీటీపీ దుకాణదారు, అనంతపురం