హెవీ బ్లీడింగ్ ఉన్నవాళ్ళకి మీ 12 గంటల మాట వర్తించదు: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

మీ శాఖ పథకం కింద జరుగుతున్న మెన్‌స్ట్రువల్ కప్పుల (నెలసరి రక్తం పట్టడానికి లోపల పెట్టుకునే చిన్న సిలికాన్ కప్పులు) పంపిణీ గురించి మీ కార్యాలయానికి మేం ఇంతకుముందే వినతిపత్రాలు ఇచ్చాం. స్టాంపు వేసి రసీదు ఇచ్చారు, అంతే. ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా "ఫైలు పై సెక్షన్‌కి వెళ్ళింది" అన్నారు, ఏ సెక్షనండీ, ఎవరు చూస్తున్నారండీ అని అడిగితే లైన్ కట్ అయిపోయేది. అందుకే ఇప్పుడు అందరికీ కనిపించేలా రాస్తున్నాను. కోపంగా రాస్తున్నానని మీకు అనిపిస్తే అది నిజమే.

ముందుగా ఒక విషయం. ఈ లేఖ చూపించి పథకం ఆపేయమని ఎవరైనా మీ దగ్గరికొస్తే దయచేసి వినకండి. నేను కప్పు వాడుతున్నాను, ఇక ముందు కూడా వాడతాను. బాగా చూసుకుంటే ఒక్క సిలికాన్ కప్పు పదేళ్ళ దాకా వస్తుంది, ప్యాడ్ల దద్దుర్లు ఉండవు, చెత్తలో పడేసే పని ఉండదు. 2019లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ అనే వైద్య పత్రికలో వచ్చిన పరిశీలనలో 43 అధ్యయనాల్ని, 3,300 మందికి పైగా వాడినవాళ్ళ అనుభవాల్ని కలిపి చూస్తే లీకేజీ ప్యాడ్లకీ టాంపాన్లకీ (లోపల పెట్టుకునే దూది చుట్టలు) ఉన్నంతే ఉంది, లేదంటే అంతకన్నా తక్కువే ఉంది. కానీ అలవాటు కావడానికి కొన్ని నెలలు పడుతుందని, చెప్పేవాళ్ళు పక్కనుంటే ఎక్కువమంది నిలబడతారని కూడా ఆ పరిశీలనే చెప్పింది. మొదటి సగం మీ శాఖ పోస్టర్లలో ఉంది. రెండో సగం ఎక్కడా లేదు.

నా గొడవ ముఖ్యంగా మీ కరపత్రంలో ఉన్న ఒక్క వాక్యం గురించి. "ఒక్కసారి పెట్టుకుంటే 12 గంటలు టెన్షన్ లేదు." ఈ వాక్యం రాసినవాళ్ళు ఎవరో నాకు తెలీదు గానీ, వాళ్ళు హెవీ పీరియడ్స్ ఉన్న మనిషితో ఒక్క పది నిమిషాలు కూడా మాట్లాడి ఉండరు. 12 గంటలంటే ఇన్ఫెక్షన్ భయం లేకుండా కప్పు లోపల ఉంచుకోగలిగిన గరిష్ఠ సమయం. ఆలోపు తీసి కడుక్కోవాలి అని దాని అర్థం. అంతసేపూ నిండకుండా ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేదు. మీ శాఖ ఆ గరిష్ఠ పరిమితిని తీసుకొచ్చి ఆడవాళ్ళకి హామీగా ఇచ్చేసింది.

లెక్క చూడండి. మామూలు కప్పులో పట్టేది దాదాపు 20 నుంచి 30 మిల్లీలీటర్లు. చాలామంది ఆడవాళ్ళకి ఒక నెలసరి మొత్తం మీద పోయేది 30, 40 మిల్లీలీటర్ల రక్తం. వాళ్ళకి మీ వాక్యం సరిపోతుంది, కాదనను. నెలసరి మొత్తం 80 మిల్లీలీటర్లు దాటితే ఎక్కువ బ్లీడింగ్ అని డాక్టర్లు ఎప్పటినుంచో లెక్క కడుతున్నారు. ఫైబ్రాయిడ్లు (గర్భాశయంలో పెరిగే కణితులు) ఉన్నవాళ్ళలో కొందరికి అంతకి ఎన్నో రెట్లు పోతుంది, అదీ ఎక్కువ భాగం మొదటి రెండు మూడు రోజుల్లోనే. మరి వాళ్ళకి ఆ కప్పు ఎన్ని గంటలు ఆగుతుంది? నాకు రెండో రోజు మూడు గంటలు ఆగితే గొప్ప, ఒక్కోసారి గంటన్నరకే అంచుదాకా వచ్చేస్తుంది. పైగా చాలా కప్పులకి అంచు కింద చిన్న చిన్న గాలి రంధ్రాలుంటాయి, రక్తం అక్కడిదాకా వచ్చిందంటే కారడం మొదలవుతుంది. అంటే డబ్బా మీద రాసిన కొలత అంతా మనకి దక్కదు. గర్భాశయ ముఖద్వారం కిందకి ఉన్నవాళ్ళకైతే అది కప్పులోకి దిగి ఇంకాస్త జాగా తీసేసుకుంటుంది. రక్తం గడ్డలుగా పడేవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు.

ప్యాడ్ తడిసిపోతోందని కొంత ముందే తెలుస్తుంది. కప్పు నిండిన సంగతి మనకి తెలిసేది కారినప్పుడే. మీ వాక్యం నమ్మి వెనకాల ప్యాడ్ కూడా పెట్టుకోకుండా బయటికి వెళ్ళిన ఆడపిల్ల పరిస్థితి ఏంటో ఒక్కసారి ఆలోచించండి. హెవీ రోజుల్లో కప్పుతో పాటు ఒక ప్యాడో పీరియడ్ ప్యాంటీయో కూడా వేసుకోండమ్మా అన్న ఒక్క లైను వేయించడానికి ఎంత ఖర్చవుతుంది?

నేను టీచర్ని. వరసగా పాఠాలు ఉన్నరోజు మధ్యలో క్లాసు వదిలి వెళ్ళడం కుదరదు, పరీక్షల డ్యూటీలో మూడు గంటలు హాల్లో నిలబడే ఉండాలి. పర్మిషన్ అడిగితే "మళ్ళీనా?" అన్నట్టు చూస్తారు. సరే, బతిమాలి వెళ్తాననుకోండి. అక్కడ టాయిలెట్ గదిలోపల నీళ్ళు రావు. కుళాయి బయట, అందరూ చేతులు కడుక్కునే చోట ఉంటుంది. ఇప్పుడు కప్పు తీయాలంటే ఏం చేయాలో మీ అధికారులకి తెలుసా? ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. లోపలికెళ్ళి కూర్చుని, కింద కాడ పట్టుకుని లాగకూడదు, కప్పు అడుగుభాగాన్ని నొక్కి గాలి పట్టు వదిలించాలి. బ్లీడింగ్ ఎక్కువున్నప్పుడు అంతా జారుడుగా ఉంటుంది, వేళ్ళకి పట్టు దొరకదు. ఒలకకుండా నిదానంగా దించి పారబోయాలి, కడగాలి, మడవాలి, మళ్ళీ పెట్టుకోవాలి, లోపల పూర్తిగా విచ్చుకుందో లేదో వేలితో చుట్టూ తడిమి చూసుకోవాలి, విచ్చుకోకపోతే మళ్ళీ మొదటినుంచి. ఇదంతా గడియ సరిగ్గా పడని తలుపు వెనకాల, రక్తం అంటిన చేతులతో, బయట ఎవరో తలుపు కొడుతుంటే చేయాలి. ఆ చేతులతో బయట కుళాయి దగ్గరికి ఎలా నడవమంటారు? నీళ్ళ సీసా ఒకటి వెంట తీసుకెళ్ళి నెట్టుకొస్తున్నాను నేను. నీళ్ళు లేకపోతే శుభ్రమైన టిష్యూతో తుడిచి పెట్టుకుని ఇంటికెళ్ళాక కడుక్కోవచ్చు అని నాకు తెలిసింది కూడా మీ శిక్షణలో కాదు, తోటి టీచర్ చెబితే తెలిసింది.

రాత్రిళ్ళ గురించి కూడా చెప్పాలి. 12 గంటలు అంటే రాత్రంతా హాయిగా పడుకోవచ్చు అనే కదా ఎవరైనా అనుకునేది. హెవీ బ్లీడింగ్ ఉన్నవాళ్ళు రాత్రి లేవాల్సిందే, అలారం పెట్టుకుని మరీ లేవాలి. లేవకపోతే పక్కబట్టలన్నీ పోతాయి. పొద్దున్న మళ్ళీ డ్యూటీ.

పథకం మొదలుపెట్టిన రోజు సభలో మీరు రెండు మాటలిచ్చారు. ప్రతి ఆరోగ్య కేంద్రంలో నేర్పించే మనిషి ఉంటారని, కప్పు తీసుకున్నవాళ్ళని మూడు నెలల పాటు అడిగి తెలుసుకుంటారని. మా దగ్గర జరిగిన శిక్షణ అంటే ఒక హాలు, వేదిక మీద అధికారులు, ఒకావిడ కప్పుని చేత్తో మడిచి చూపించడం, ఫొటోలు. ఆ మగ అధికారుల ముందు ఎవరు లేచి "మేడమ్, నాకు గడ్డలు పడతాయి, ఏం చేయాలి" అని అడుగుతారండీ? ఎవరూ అడగలేదు. "సందేహాలు లేవు" అని రాసుకుని వెళ్ళిపోయారు. తర్వాత ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి నాకు కారిపోతోంది సిస్టర్ అంటే, "పెట్టుకోవడం రాలేదమ్మా నీకు, ప్రాక్టీస్ చెయ్యి" అన్నారు. నాకు పెట్టుకోవడం వచ్చు. కప్పు నిండిపోతోంది. ఈ రెండింటికీ తేడా ఉంది. మీ శాఖ సమావేశంలో అదే మాట చెబితే ఒక అధికారి "మిగతావాళ్ళకి రాని సమస్య మీకే ఎందుకొస్తుందమ్మా" అన్నారు. నేనూ అదే అడుగుతున్నాను సార్, నాకే ఎందుకొస్తోందో కనుక్కోండి, కనుక్కునే పని మీ శాఖదే కదా.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించిన సంగతి వేరే ఉంది. ప్యాడ్ వాడినంతకాలం ఎంత రక్తం పోతోందో ఎవరూ చెప్పలేరు. చాలా కప్పుల్లో మిల్లీలీటర్ల గీతలుంటాయి. ప్రతిసారీ ఎంత నిండిందో చూసి పుస్తకంలో రాసుకుని ఆ పుస్తకం డాక్టర్ ముందు పెట్టాను. ఆవిడ తెరిచి కూడా చూడలేదు. "ఆడవాళ్ళన్నాక ఇవన్నీ మామూలేనమ్మా" అని ఐరన్ మాత్రలు రాసిచ్చారు. రక్తం ఎక్కడికి పోతోందో అడగకుండా ఐరన్ ఎన్నాళ్ళు పోస్తారు? హిమోగ్లోబిన్ 12 కన్నా తగ్గితే రక్తహీనత అని గోడమీద మీ పోస్టరే ఉంది, దాని కిందే కూర్చుని ఆ మాట అన్నారు. హిమోగ్లోబిన్ బాగానే కనిపించినా ఒంట్లో ఐరన్ నిల్వలు అడుగంటి ఉండొచ్చు, అందుకు ఫెర్రిటిన్ పరీక్ష చేయాలి. అది రాయమంటే ఇక్కడ లేదన్నారు. చివరికి బయట స్కానింగ్ చేయించుకుంటే ఫైబ్రాయిడ్లు అని తేలింది.

మీ శాఖ లక్షణంగా చేయగలిగిన పని ఇదే మంత్రి గారూ. కప్పు ఇచ్చేటప్పుడే ఒక చీటీ ఇవ్వండి. గంట రెండు గంటలకే నిండిపోతున్నా, ఏడు రోజులు దాటి బ్లీడింగ్ అవుతున్నా, రెండున్నర సెంటీమీటర్ల కన్నా పెద్ద గడ్డలు పడుతున్నా డాక్టర్ని కలవండి అని అందులో రాయండి. కలిసినప్పుడు డాక్టర్ వినాలి. ఫైబ్రాయిడ్లు కావచ్చు, పాలిప్ (గర్భాశయం లోపలి పొరలో పెరిగే చిన్న బుడిపె) కావచ్చు, అడినోమయోసిస్ (ఆ పొర గర్భాశయం కండరంలోకి చొచ్చుకుపోవడం) కావచ్చు, థైరాయిడ్ కావచ్చు. మొదటి నెలసరి నుంచే విపరీతంగా పోతున్న ఆడపిల్లలకైతే రక్తం గడ్డకట్టడంలోనే లోపం ఉండొచ్చు, వాన్ విల్లెబ్రాండ్ జబ్బు లాంటివి. నా క్లాసులో అలాంటి పిల్ల ఒకతి ప్రతినెలా రెండు రోజులు బడికి రాదు, ఇంట్లోవాళ్ళు "వాళ్ళమ్మకీ అంతే" అంటారు. దీనికి మందులు లేవా అంటే ఉన్నాయి. బ్లీడింగ్ అయ్యే రోజుల్లో మాత్రమే వేసుకునే ట్రానెగ్జమిక్ యాసిడ్ మాత్రలున్నాయి, గర్భాశయంలో పెట్టే హార్మోన్ లూప్ ఉంది. ఎవరికి ఏది పడుతుందో డాక్టర్ చెప్పాలి. కనీసం ఉన్నాయని చెప్పాలి కదా.

లూప్ అన్నాను కాబట్టి ఇంకో సంగతి. హెవీ బ్లీడింగ్ తగ్గడానికి హార్మోన్ లూప్ వేస్తారు, అలా వేయించుకున్నవాళ్ళకీ మీరు కప్పు ఇస్తున్నారు. గాలి పట్టు వదిలించకుండా కప్పు లాగితే దాంతో పాటు లూప్ దారం కూడా వచ్చి లూప్ జారిపోయే ప్రమాదం ఉంది. లూప్ ఉన్నవాళ్ళు ముందు డాక్టర్‌ని అడగాలి, దారం పొట్టిగా కత్తిరించాల్సి వస్తే అది డాక్టరే చేయాలి అని చెప్పాలి. మీ కరపత్రంలో ఒక్క ముక్క లేదు. ఇది చిన్న విషయం కాదండీ.

ఇక సైజులు. అందరికీ ఒకటే సైజు పంచారు. పదహారేళ్ళ పిల్లకీ, ఇద్దరు పిల్లల తల్లికీ, నాలాంటిదానికీ ఒకటే. ఎక్కువ పట్టే కప్పులు ఉన్నాయి, వాటికన్నా ఎక్కువ పట్టే డిస్కులూ (కప్పులాగే లోపల పెట్టుకునే చదునైన గిన్నెల్లాంటివి) ఉన్నాయి. 2023లో నిజం రక్తంతో పరీక్షిస్తే డిస్కులు సగటున 61 మిల్లీలీటర్లు పట్టాయి. అంతకుముందు ఈ వస్తువుల సామర్థ్యం ఎక్కువగా నీళ్ళతోనో ఉప్పునీళ్ళతోనో కొలిచేవాళ్ళట, రక్తంతో కొలవాలని ఎవరికీ తోచకపోవడం చూస్తే నాకు ఒళ్ళు మండింది. టెండరు పిలిచేటప్పుడు రెండు మూడు రకాలు ఉండాలని రాయడానికి అడ్డేమిటో చెప్పండి.

మా స్టాఫ్‌రూమ్‌లో ఒక అమ్మాయి రెండు నెలలు ప్రయత్నించి, "అక్కా, నావల్ల కాదు, క్లాసులో ఎప్పుడు కారుతుందోనన్న టెన్షన్‌తో పాఠం చెప్పలేకపోతున్నాను" అని ఏడ్చి కప్పు బీరువాలో పడేసింది. మీ రిజిస్టర్‌లో ఆ అమ్మాయి లబ్ధిదారు. ఆ పేరు పక్కన టిక్కు ఉంది. ఇప్పుడు తనేం వాడుతోందో అడిగినవాళ్ళు ఒక్కరు లేరు.

దయచేసి ఆ 12 గంటల వాక్యాన్ని తీయించండి, కుదరకపోతే దాని కింద "బ్లీడింగ్ ఎక్కువుంటే మూడు నాలుగు గంటలకోసారి, ఇంకా ముందైనా తీయాల్సి రావచ్చు" అని వేయించండి. బడుల్లో, ఆఫీసుల్లో టాయిలెట్ గది లోపలే కుళాయి, గట్టి గడియ పెట్టించమని సంబంధిత మంత్రిత్వ శాఖకి మీరు రాయండి, మేం రాస్తే వాళ్ళు చదవరు. నేర్పించే మనిషిని పంపండి, ఆడమనిషిని పంపండి, మగ అధికారుల్ని ఆ గదిలో కూర్చోబెట్టకండి. ఫెర్రిటిన్ పరీక్ష, స్కానింగ్ మా ఆరోగ్య కేంద్రంలోనే దొరికేలా చూడండి. ఇవన్నీ ఒక్కసారే కావాలని పట్టుబట్టడం లేదు, ఏదో ఒకటి మొదలుపెట్టండి.

మా వినతిపత్రాల రసీదులు, వాటి మీద మీ కార్యాలయం వేసిన నంబర్లు మా దగ్గర భద్రంగా ఉన్నాయి. జవాబు ఫోన్లో వద్దు, రాతపూర్వకంగా ఇవ్వండి. ఎవరికి అప్పగించారో ఆ అధికారి హోదా కూడా అందులో ఉండాలి, మళ్ళీ ఎవర్ని అడగాలో మాకు తెలియాలి కదా.

ఇట్లు,
కప్పు వాడుతున్న ఒక టీచర్