ఆ మాత్ర పేరేంటో రాసివ్వండి

సంపాదకులకు నమస్కారం.

మా ఊళ్లో మందుల షాపుకెళ్లి ‘తలనొప్పి బిళ్ళ’ అంటే చాలు, కత్తెరతో స్ట్రిప్‌లోంచి నాలుగు కత్తిరించి కాగితం కవర్లో వేసిస్తారు. పేరు, గడువు తేదీ, డాక్టరు చీటీతోనే అమ్మాలని తెలిపే ఎర్ర రంగు ఆర్‌ఎక్స్ (Rx) గుర్తు, హెచ్చరిక చాలాసార్లు షాపులో మిగిలిన ముక్క మీదే ఉండిపోతాయి.

మా ఆవిడకి తలనొప్పి మొదలయ్యే ముందు కళ్ళెదుట వంకర టింకర మెరుపు గీతలు కనిపించేవి. ఇరవై నిముషాలుండి పోయేవి. చత్వారం అనుకుని కళ్ళజోడు మార్పించాను, డబ్బు దండగ. పార్శ్వనొప్పికి (మైగ్రేన్‌కి) ముందు కొందరికి ఇలా అవుతుందని మాకేం తెలుసు? నొప్పి వచ్చినప్పుడల్లా ఆ కవర్లోది ఒకటి వేసుకునేది. మొదట్లో నెలకు మూడో నాలుగో. ఏడాది తిరిగేసరికి పొద్దున్నే తలనొప్పితో లేవడం, మాత్ర వేసుకోవడం, మర్నాడు మళ్ళీ అదే.

చివరికి గుంటూరు తీసుకెళ్తే నరాల డాక్టరు అసలు సంగతి చెప్పారు. మామూలు నొప్పి మాత్రలు నెలలో 15 రోజులు, రెండు మూడు మందులు కలిపినవైతే 10 రోజులు, ఇలా మూడు నెలలు దాటి వాడితే ఆ మాత్రలే తలనొప్పి తెచ్చిపెడతాయట! ‘ఏం వాడారమ్మా?’ అని అడిగితే ఖాళీ కవరు చూపించాం. అన్ని నొప్పి మాత్రలకి కిడ్నీలు దెబ్బతిన్నాయేమోనని, పరీక్ష రిపోర్టు వచ్చేదాకా నాకు నిద్ర లేదు. అదృష్టం, బాగానే ఉన్నాయి. మాత్రలు మానేశాక మొదటి వారం మాత్రం ఆవిడ నరకం చూసింది.

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలి. 2024 ఆగస్టులో కేంద్రం 156 మిశ్రమ మందుల్ని నిషేధించింది. వాటిలో ఎసిక్లోఫెనాక్ 50, పారాసెటమాల్ 125 మిల్లీగ్రాములు కలిపిన మాత్ర కూడా ఉంది. పేరు లేని కవర్లో ఏముందో కొనేవాళ్ళకెలా తెలుస్తుంది? కిరాణా కొట్టతను అరకిలో కందిపప్పుకి కూడా చీటీ రాసిస్తాడు.

విడిగా అమ్మితే కవరు మీద మందు పేరు, మోతాదు, గడువు రాయాలని డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు గట్టిగా చెప్పాలి. మందు వికటిస్తే చెప్పుకోవడానికి 1800-180-3024 అనే ఉచిత ఫోన్ నంబరు ఉంది. దాన్ని ప్రతి షాపులో తెలుగులో, కౌంటర్ దగ్గర కళ్ళకి కనబడేలా అతికించాలి.

ఒక రిటైర్డ్ టీచర్,
తెనాలి