విండోస్ 7 వాడేవాళ్లను మేం వదిలేయడం లేదు

మా దగ్గర వెబ్‌సైట్ చేయించుకున్న అందరికీ నమస్కారం.

గత నెలాఖరులో మీలో కొందరి సైట్లలో ‘ఆర్డర్ పెట్టండి’ బటన్ మాయమైంది. మీ ఫోన్లో చూస్తే బాగానే ఉంది, మీ కస్టమర్ మాత్రం బటన్ ఎక్కడుందండీ అని అడుగుతున్నాడు. ఇద్దరూ నిజమే చెప్పారు. ఇప్పుడు అన్ని సైట్లూ సరిగ్గా ఉన్నాయి, మీరు చేయాల్సిందేమీ లేదు. కానీ అసలు ఏం జరిగిందో మీకు తెలియాలి.

బటన్లు, మెనూలు, ఫారాల డిజైన్ ఒక కంపెనీకి ఏడాది చందా కట్టి తీసుకుంటాం. పేజీల రంగులూ రూపమూ దిద్దడానికి వాళ్లు లోపల వాడే కోడ్ సాధనం టెయిల్‌విండ్‌ను వెర్షన్ 3 నుంచి 4.0కి మార్చేసి, ‘చిన్న చిన్న మెరుగులు’ అని ఒక్క ముక్క రాసి వదిలారు. ఆ ఫైలు వాళ్ల సర్వర్ నుంచే నేరుగా మీ సైట్లోకి వస్తుంది కాబట్టి, మా టేబుల్ మీదున్న పాత సిస్టమ్‌లో చూసే అవకాశమే మాకు రాలేదు.

2025 జనవరిలో వచ్చిన ఆ 4.0కి కనీసం క్రోమ్ 111 కావాలి. విండోస్ 7లో నడిచే ఆఖరి క్రోమ్ 109. రెండే రెండు వెర్షన్ల తేడా! 4.0లో తెలుపు, నలుపు తప్ప మిగతా రంగులన్నీ ఓకేఎల్‌సీహెచ్ అనే కొత్త పద్ధతిలో ఉంటాయి. 109కి అది అర్థం కాదు, అర్థం కాని రంగును అది వేయదు. నీలం బటన్ మీద తెల్ల అక్షరాలు ఉండేవి కదా, నీలం పోయి తెల్ల పేజీ మీద తెల్ల అక్షరాలు మిగిలాయి. గుడ్డిగా అక్కడ నొక్కితే ఆర్డర్ పడుతుంది కూడా.

ఆ కంపెనీకి ఫిర్యాదు చేస్తే, అంత పాత బ్రౌజర్ వాడేవాళ్లను అప్‌డేట్ చేసుకోమనండి అని జవాబు. ఆ మాట నాకు గట్టిగానే తగిలింది. మిర్చి యార్డులో కమీషన్ కొట్టు లెక్కలన్నీ పాత విండోస్ 7 సిస్టమ్‌లోనే ఉన్న పెద్దాయనకు ఏమని చెప్పను? ఐఫోన్ 7 ఉన్నవాళ్లదీ ఇదే గొడవ. అది ఐఓఎస్ 15 దాటి వెళ్లదు, అందులోని సఫారీ బ్రౌజరూ 15 దగ్గరే ఆగిపోతుంది, 4.0 అడిగేది సఫారీ 16.4. పోనీ అందులో క్రోమ్ వేసుకుందామా అంటే, లోపల నడిచేది మళ్లీ యాపిల్ ఇంజనే.

మా కుర్రాడి వాదన వేరు. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2020 జనవరిలోనే ఆపేసింది, భద్రత లేనిదాన్ని మనం ఎందుకు మోయాలి అంటాడు. తప్పని చెప్పలేను. దీని మీద చాలా రాత్రులు నిద్ర పట్టలేదు. పాతవాళ్లను వదిలేస్తే మాకు సగం పని తగ్గుతుంది, కొత్త హంగులు త్వరగా ఇవ్వొచ్చు. కానీ విత్తనాలకో చీరకో ఆర్డర్ పెట్టడానికి కొత్త కంప్యూటర్ కొనుక్కురమ్మని మీ కస్టమర్‌కు చెప్పే హక్కు మాకెక్కడిది?

అందుకని వెర్షన్ 3 మీదే ఉంటున్నాం. ఫైళ్లన్నీ ఇకపై మా సర్వర్ నుంచే వస్తాయి, క్రోమ్ 109లోనూ ఐఓఎస్ 15లోనూ చూశాకే మీ సైట్‌కి ఎక్కుతాయి. చందా మళ్లీ కట్టం. డిస్కౌంట్ ఇస్తామని మెయిల్ పెట్టారు, పెట్టుకోనివ్వండి. మీ మెయింటెనెన్స్ చార్జీ ఈ ఏడాది పెరగదు. కొత్త డిజైన్లు మాత్రం కాస్త ఆలస్యమవుతాయి.

ఒక్కటి మా చేతిలో లేదు. డబ్బు కట్టే పేజీ గేట్‌వే వాళ్లది, పాత బ్రౌజర్‌ను వాళ్లు వద్దంటే మేం ఏమీ చేయలేం. అందుకే మీ షాపు ఫోన్ నంబరు ప్రతి పేజీ పైన పెడుతున్నాం. మీ కౌంటర్‌లో పాత సిస్టమ్ ఉంటే, క్రోమ్‌లో మూడు చుక్కలు నొక్కి, హెల్ప్‌లో ‘అబౌట్ గూగుల్ క్రోమ్’ తెరిచి, అక్కడ కనిపించే నంబరు ఫొటో తీసి మాకు వాట్సాప్ చేయండి.