నైట్ డ్యూటీ సిస్టర్‌కి, ఇంకా నేను మర్చిపోయినవాళ్లకి

నిన్న అర్ధరాత్రి నాయన్ని సూళ్లూరుపేటకి తెచ్చేశాం. చెన్నైలో 11 రోజులున్నాం. చేతులకి ఇంకా ఆసుపత్రి శానిటైజర్ వాసన పోలేదు. నిద్రపోయి లేస్తే సగం మర్చిపోతానని ఇప్పుడే కూర్చుని రాస్తున్నా.

పక్షవాతంతో నాయనకి కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. ఐసీయూ నుంచి వార్డుకి మార్చిన రాత్రి నీళ్లు కావాలని సైగ చేశాడు. ముక్కులో గొట్టం ఎందుకుందో కూడా ఆలోచించకుండా గ్లాసు నోటిదాకా తీసుకెళ్లాను. పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి గ్లాసు పట్టుకుంది. నైట్ డ్యూటీ సిస్టర్, మహా అయితే పాతికేళ్ల అమ్మాయి. మింగడం ఇంకా సరిగ్గా రాలేదు, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ఒక్కోసారి దగ్గు కూడా రాదు, తర్వాత న్యుమోనియా వస్తుందని సగం అరవం, సగం తెలుగులో చెప్పింది. కసురుకోలేదు. గాజుగుడ్డ తడిపి, గట్టిగా పిండి, నాయన పెదాలు, నాలుక మెల్లగా తుడిచింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. నేను బాత్‌రూంలోకి పోయి ఏడ్చాను.

పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి వచ్చి ఆయన్ని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిప్పేది. ముందు మంచం చుట్టూ తెర లాగి, "అప్పా, నేనే. ఎడమ పక్కకి తిప్పుతా, సరేనా?" అని ఆయన్నే అడిగేది. జవాబు రాదని తెలిసీ కాసేపు ఆగేది. పక్కింటివాళ్లకి బనీనుతో కూడా కనపడని మనిషి మా నాయన. మేమేమో ఆయన మంచం పక్కనే నిలబడి, ఆయన లేనట్టే అప్పుల లెక్కలు మాట్లాడుకున్నాం.

మడమల దగ్గర ఎర్రగా ఉంటే వేలితో నొక్కి చూపించింది. నొక్కినచోట తెల్లబడితే పర్లేదు, ఎరుపు అలాగే ఉంటే పుండు మొదలైనట్టేనట. పడిపోయిన చెయ్యి పట్టుకుని లేపకూడదని, భుజం జారుతుందని చెప్పింది. అప్పటిదాకా మేం చేసింది అదే. ఇంటికొచ్చాక వీపంతా చూశాను, ఒక్క పుండు లేదు.

రాత్రిపూట ఆ వార్డులో 22 మందికి ఇద్దరే సిస్టర్లు. మామూలు వార్డులో 5 మందికి ఒక నర్సు అన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ పెట్టిన లెక్క. ఈ అమ్మాయి నిలబడే ఇడ్లీ తింటూ, బెల్ మోగితే డబ్బా మూసి పరిగెత్తేది. బిల్లులో మాత్రం నర్సింగ్ ఛార్జీలని రోజూ వేశారు. అందులో ఆమె చేతికెంత వస్తుందో! డిశ్చార్జి ఉదయం 10కి అన్నారు, ఇన్సూరెన్స్ అప్రూవల్ వచ్చేసరికి రాత్రి 8 అయింది. ఆ రోజు ఆమెకి ఆఫ్. చెప్పకుండానే వచ్చేశాం. అడగలేదు కాబట్టి పేరు రాయడం లేదు. ఆమెకి తెలుగు చదవడమూ రాదు.

తమ్ముడు, మా ఆయన, చిన్నమ్మ ఉండనే ఉన్నారు. వీళ్లకి థ్యాంక్స్ చెప్తే తిడతారు.

అయ్యో, స్కానింగ్‌కి తీసుకెళ్తూ లిఫ్టు గడప దగ్గర నాయన తల అదరకుండా స్ట్రెచర్ ఎత్తి పట్టుకున్న వార్డు బాయ్‌ని మర్చిపోయాను. ఫిజియోథెరపీ మేడమ్‌ని కూడా. క్యాంటీన్‌లో చిల్లర లేదంటే కాఫీ ఊరికే ఇచ్చిన పెద్దాయన ఒకరు.

14వ నంబరు మంచం దగ్గరుండే గూడూరు అక్కా, మీ చాప మా సామానులో వచ్చేసింది. ఆమె ఎవరికైనా తెలిస్తే చెప్పండి, సోమవారం తమ్ముడు మందుల కోసం వస్తాడు, తెచ్చిస్తాడు.